కనుబొమలూ, అవ్వ పచ్చబొట్టూ

మా అవ్వ నుదుటి మీద, కనుబొమల నడుమ, పెసరగింజంత పచ్చబొట్టు ఉండేది. పూతలపట్టు దగ్గరి పల్లెలో ఆమెకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లున్నప్పుడు, ఊరి మీదికి వచ్చిన ఎరుకలామె ఒకతె దీపపు మసిని ఏదో ఆకు పసరుతో నూరి, నాలుగు సూదులు కట్టగట్టి పొడిచిందట. మా తాత పోయిన పదో రోజున అవ్వ గాజులు తీసి, నుదుటి కుంకుమ తుడిచేశారు. నాకప్పుడు పన్నెండేళ్లు, గడప పక్కన నిలబడి చూస్తున్నాను. కుంకుమ పోయింది గానీ దాని అడుగునున్న పచ్చచుక్క అట్లాగే ఉండిపోయింది. తుడుస్తున్న ముసలామెకు చూపు ఆనదు. ఇంకా కుంకుమ మిగిలిందనుకుని తడిబట్టతో మళ్లీ రెండుసార్లు రుద్దింది. "అది పొయ్యేది కాదులే వదినా, ఇడిసిపెట్టు" అంది అవ్వ. ఆ తర్వాత ఆమె ముప్పై ఏళ్లు బతికింది. చివరి రోజుల్లో ఆ చుక్క నడి నుదుటి ముడతలోకి జారి, సాగి, నిలువుగా వరిగింజలాగా తయారైంది. అంచులు చెదిరి, రంగు పాచిపట్టిన రాయి రంగుకు తిరిగింది.

నిరుడు, 62 ఏళ్ల వయసులో, కనుబొమలకు సెమీ పర్మనెంట్ మేకప్, అంటే సూదితో చర్మంలోకి రంగు దింపడం, చేయించుకునే ముందు నేను పదకొండు నెలలు ఆలోచించడానికి కారణం ఆ వరిగింజే. చేయించుకోవడం తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోవడం లేదు. కానీ చర్మంలోకి దిగిన రంగు మనతో పాటే ముసలిదవుతుంది. వయసు మళ్లిన చర్మానికి ఏది తగునో తేల్చుకునేటప్పుడు ఇవాళ అద్దంలో కనబడే ముఖాన్ని కాస్త పక్కన పెట్టి, డెబ్బై అయిదేళ్లకు ఉండబోయే ముఖాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకోవాలని నా వాదన.

కోరిక పుట్టింది తిరుమల కల్యాణకట్టలో. మా ఆయన పోయిన మరుసటి ఏడు, మనవడి పుట్టువెంట్రుకలతో పాటు నా మొక్కూ తీర్చుకుందామని తలనీలాలు ఇచ్చాను. గుండుకు గంధం పూసుకుని గదికి వచ్చి అద్దంలో చూసుకుంటే, ముఖం మీద ఏదో రాయడం మొదలుపెట్టి సగంలో ఆపేసినట్టు కనబడింది. రెండు కనుబొమలూ ముక్కు దగ్గర మొదలై కంటి నడిమికి వచ్చేసరికి ఆగిపోయాయి. జుట్టు ఉన్నన్నాళ్లూ ఆ లోటు ముంగురుల నీడలో దాగిందేమో, నేనెప్పుడూ గమనించలేదు. జుట్టు మూడు నెలల్లో అంగుళం పైనే పెరిగింది, కనుబొమలు పెరగలేదు.

ఇక్కడ ఒక మాట పక్కకు తిరిగి చెప్పాలి. కనుబొమ బయటి మూడో వంతు రాలిపోవడం థైరాయిడ్ మందగించిందనడానికి ఒక గుర్తు కావచ్చునని చర్మవైద్యురాలు చెబితే పరీక్ష చేయించుకున్నాను. నిజంగానే తక్కువగా ఉంది. ఆరు నెలలు మాత్ర వేసుకున్నాక కొంత వెంట్రుక తిరిగి వచ్చింది. ఏళ్ల తరబడి నెలనెలా దారంతో లాగించుకున్న చోట మాత్రం రాలేదు. పార్లర్‌లో రంగు పొడిపించుకునే ముందు యాభై దాటిన ప్రతి ఆడమనిషీ ఒకసారి ఈ రక్తపరీక్ష చేయించుకోవాలని నా అభిప్రాయం. లోపలి జబ్బు కబురు పంపితే, ఆ కబురు మీద రంగు వేసి కప్పెట్టుకోవడం తెలివైన పని కాదు.

కొన్నాళ్లు పెన్సిల్‌తో దిద్దుకున్నాను. కంటిశుక్లం ఆపరేషన్ అయినప్పటి నుంచి దూరం బాగా కనబడుతుంది గానీ, దగ్గరిది కనబడాలంటే కళ్లద్దాలు పెట్టుకోవాలి. కళ్లద్దాలు పెట్టుకుంటే కనుబొమలు వాటి వెనక్కి పోతాయి. కుడిచేతి బొటనవేలి కీలు నొప్పి. పొద్దున్నే ఒక కనుబొమ కొండకు ఎక్కినట్టూ, ఇంకొకటి కోనేట్లోకి దిగినట్టూ దిద్దుకుని, అట్లాగే పాలప్యాకెట్టుకు వెళ్లిన రోజులున్నాయి. సెమీ పర్మనెంట్ మేకప్‌ను సోకు కింద జమకట్టేవాళ్లు ఈ అవస్థను లెక్కలోకి తీసుకోరు. చేయి వణికేవాళ్లకూ, చూపు తగ్గినవాళ్లకూ, కీమోథెరపీలో కనుబొమలు పోగొట్టుకుని తిరిగి రానివాళ్లకూ ఇది ఉపయోగపడే విషయం. పాతికేళ్ల పిల్ల పెళ్లికి ముందు చేయించుకునేదానికంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

"ఈ వయసులో నీకెందుకక్కా" అని పక్కింటి ఆమె అడిగింది. అడగని ఇంకో ప్రశ్న ఆమె చూపులో ఉంది: ఆయన పోయాక ఇదంతా ఎవరు చూడాలని? మా తిరుపతి బైరాగిపట్టెడ వీధిలో డెబ్బై దాటిన మగవాళ్లు మీసాలకు బొగ్గులాంటి నలుపు పట్టించుకుని తిరుగుతుంటారు; వాళ్లను ఎవరూ ఇట్లా అడగరు. గంగజాతర వచ్చిందంటే మీసాలున్న మగవాళ్లే చీరలు కట్టి, జడలు వేసి, కాటుక దిద్దుకుని గుడికి పోతారు. బైరాగి వేషానికి ఒళ్లంతా తెల్లనామం, తోటి వేషానికి ఒళ్లంతా బొగ్గు. అదంతా భక్తి. ఆడది సగం కనుబొమ పూరించుకుంటే మాత్రం కారణం చెప్పుకోవాలి. నేను కారణం చెప్పడం మానేశాను. అయితే జాతర వేషం సాయంత్రానికి కడుక్కుంటే పోతుంది. నేను తలపెట్టినది అట్లా పోయేది కాదు, నా భయమంతా అక్కడే ఉంది.

వద్దనేవాళ్లు వయసును చూసి వద్దంటున్నారు. చేస్తామనేవాళ్లు వయసును చూడకుండానే చేస్తామంటున్నారు. రెండోరకం వాళ్లు ఏం చేయగలరో మా వదిన ముఖం మీద చూశాను.

వదిన చిత్తూరులో ఉంటుంది, నాకంటే రెండేళ్లు పెద్దది. ఆమెకు గుండెలో స్టెంట్ వేసి ఏడాది కూడా నిండలేదు. రోజూ ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వేసుకుంటుంది. ఎవరో ఫోన్‌లో ఫోటోలు చూపించారని ఒక పార్లర్‌కు వెళ్లింది. అక్కడి అమ్మాయి మందుల సంగతి అడిగింది, అంతవరకు మంచిదే. అడిగి, "రెండ్రోజులు ఆ మాత్ర ఆపేసి రండాంటీ, అప్పుడు బ్లడ్ రాదు" అందట. వదిన ఆపేసింది! ఆమె ఈ మాట ఎంతో తేలిగ్గా చెబుతుంటే నాకు కాళ్లు చల్లబడ్డాయి. కొత్తగా వేసిన స్టెంట్‌లో నెత్తురు గడ్డకట్టకుండా కాపాడుతున్నవే ఆ మాత్రలు. గుండె డాక్టరును అడగకుండా ఒక్కపూట కూడా మానకూడదు. పోనీ మానినందుకు ఫలితమైనా ఉందా అంటే అదీ లేదు. క్లోపిడోగ్రెల్ ప్రభావం పోవడానికి అయిదు నుంచి ఏడు రోజులు పడుతుంది. ప్రాణాపాయం మాత్రం మిగిలింది, నెత్తురు రానే వచ్చింది.

ఆమెకు చేసింది మైక్రోబ్లేడింగ్. సన్నని సూదులు వరసగా కూర్చిన చేతి పనిముట్టుతో వెంట్రుక గీతల్లాగా చర్మాన్ని కోసి, ఆ గాట్లలో రంగు నింపుతారు. కుర్రచర్మం మీద నిజంగా ముచ్చటగా ఉంటుంది. గీతకూ గీతకూ మధ్య ఖాళీ తెలుస్తుంది, వెంట్రుకేనని భ్రమ కలుగుతుంది. వదినకు గాట్ల నుంచి ఊరిన నెత్తురు రంగును బయటికి నెట్టేసింది. నెల తర్వాత చూస్తే కొన్నిచోట్ల ఏమీ లేదు, కొన్నిచోట్ల రెండు మూడు గీతలు కలిసిపోయి మరకలయ్యాయి. నిలవలేదు కాబట్టి ఈసారి లోతుగా వేస్తానందట ఆ అమ్మాయి. లోతుగానే వేసింది. ఇప్పుడది నీలం కలిసిన బూడిదరంగులో ఉంది.

అవ్వ పచ్చబొట్టు కూడా పొడిచిన మసి నలుపే కదా, పచ్చగా ఎందుకు కనబడేదో అప్పుడు అర్థమైంది. నలుపు లోతున ఉన్నప్పుడు, దాని పైనున్న చర్మం వెలుతురులోని నీలిభాగాన్ని ఎక్కువగా చెదరగొట్టి మన కంటికి తిప్పి పంపుతుంది. లోతు పెరిగేకొద్దీ గోధుమరంగు బూడిదవుతుంది, బూడిద నీలమవుతుంది. రంగు నిలవడం లేదని ఎవరైనా ఇంకొంచెం లోపలికి పోతామంటే, అక్కడ లేచి వచ్చేయడం మేలు.

ఆ పార్లర్ అమ్మాయి ఒక్కదాన్నే నేను తప్పుపట్టను. కొన్ని రోజుల కోర్సులో రబ్బరు తోలు మీద గీతలు గీసి నేర్చుకున్న పిల్ల ఆమె; ఆమె చేతికింద పడుకున్నవాళ్లు ఎక్కువగా ముప్పైలోపు వాళ్లే అయివుంటారు. అరవై ఏళ్ల చర్మం వేరే గుడ్డ. నెలసరి ఆగిపోయిన మొదటి అయిదేళ్లలోనే చర్మంలోని కొల్లాజెన్ 30 శాతం దాకా తగ్గిపోతుంది. ఆపైన కూడా ఏటేటా కొంత పోతూనే ఉంటుంది. పైపొర పల్చనవుతుంది, దానికీ లోపలి పొరకూ ఉన్న పట్టు సడలుతుంది, గాయం మానడం ఆలస్యమవుతుంది. యవ్వనంలో దాదాపు 28 రోజులకు మారే పైపొరకు ఈ వయసులో 40 రోజులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. కొత్త పట్టుచీర మీద మగ్గం పని చేసే సూదిని, యాభై ఏళ్లు కట్టిన ఉప్పాడ చీర మీద అదే చేత్తో దింపితే ఏమవుతుందో కుట్టుపని తెలిసిన ఎవరైనా చెబుతారు.

అందుకే యాభై అయిదు దాటిన పల్చని చర్మానికి మైక్రోబ్లేడింగ్ వద్దని నేను గట్టిగానే చెబుతాను. పౌడర్ బ్రోస్ అనే పద్ధతి మేలు. చిన్న యంత్రానికి అమర్చిన ఒక్క సూదితో కోత పెట్టకుండా చుక్కలు చుక్కలుగా రంగు దింపుతారు. ముగ్గుపిండి వేళ్ల సందుల్లోంచి రాలినట్టు పల్చగా పడుతుంది. చుక్కలు కొంచెం చెదిరినా పొడి అద్దినట్టే ఉంటుంది గనుక, చెదరడం మరకగా కనబడదు. గీతకు ఆ అవకాశం లేదు; గీత చెదిరితే పోలికే పోతుంది. నిజమైన వెంట్రుకల భ్రమ పౌడర్ బ్రోస్‌లో రాదన్నది వాస్తవమే. అరవైలో ఆ భ్రమ కోసం పాకులాడటమే పొరపాటని నాకు అనిపిస్తుంది.

రంగు గురించి మన ఊళ్లో జరిగే తప్పు ఒక్కటే: నలుపు. తలకు రంగు వేసుకునేవాళ్లు, జుట్టు నల్లగా ఉంది కాబట్టి కనుబొమలూ నల్లగానే ఉండాలంటారు. నేనూ అన్నాను. నాకు చేసిన అమ్మాయి అడిగిన ఒక్క ప్రశ్నతో ఆమె మీద గురి కుదిరింది. "ఆంటీ, మీరు జుట్టుకు డై ఇంకా ఎన్నేళ్లు వేస్తారు?" అంది. ఆ ఆలోచనే నాకు లేదు. రేపో మాపో రంగుకు ఒళ్లు దద్దుర్లు పెట్టి మానేస్తే, లేదా విసుగొచ్చి మానేస్తే, తెల్లని జుట్టు కింద నల్లని కమానులు రెండు మిగులుతాయి. బూడిద కలిసిన లేత గోధుమరంగు నల్లజుట్టుకూ నప్పుతుంది, నెరిసిన జుట్టుకూ నప్పుతుంది. పైగా రంగు తరిగిపోయేటప్పుడు తన గుణం చూపిస్తుంది. ఐరన్ ఆక్సైడ్ రంగులు ఎర్రబారుతూ, నారింజకు తిరుగుతూ పోతాయి. కార్బన్ నలుపు కలిసినవి బూడిదకూ నీలానికీ తిరుగుతాయి. సీసా మీద ఏం రాసుందో, గడువు ఎప్పటి వరకో చూపించమని అడగడంలో మొహమాటం అక్కరలేదు. యూరప్‌లో 2022 జనవరి నుంచి ఇలాంటి రంగుల్లో నాలుగు వేలకు పైగా రసాయనాలకు హద్దులు పెట్టారు. అమెరికాలో ఆహారాన్నీ మందులనూ అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ ఇప్పటిదాకా అందం కోసం చర్మంలోకి ఎక్కించడానికని ఏ రంగుకూ ఆమోదం ఇవ్వలేదు. ఈ రెండు సంగతులూ విన్నాక "ఇది ఇంపోర్టెడ్ ఆంటీ" అనే మాట నాకు అంత ధీమా ఇవ్వలేదు. చెవి వెనక చుక్కంత పెట్టించుకుని, రెండు రోజులు ఆగి, దురద లేదని చూసుకున్నాకే సరే అన్నాను.

ఆకారం కూడా రంగంత ముఖ్యం. గుర్తులు పెట్టేటప్పుడు మనిషిని పడుకోబెట్టకూడదు. పడుకుంటే మన వయసు చర్మం చెవుల వైపు జారిపోయి, ముఖం పదేళ్లు వెనక్కి పోతుంది; ఆ ముఖానికి గీసిన కనుబొమ లేచి కూర్చోగానే కిందికి దిగుతుంది. నన్ను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, నవ్వమని, ముఖం చిట్లించమని, ఊరికే ఉండమని, మూడు తీర్లలో కొలిచింది. నా ఎడమ కనురెప్ప కుడిదానికంటే ఎక్కువ వాలింది. రెండూ సమానంగా ఉండాలని పట్టుబట్టి ఎడమదాన్ని పైకి ఎత్తి గీస్తే, ఇవాళ బాగుంటుంది. రెప్ప ఇంకా వాలే కొద్దీ ఆ కనుబొమ నుదుటి మీద ఒంటరిగా నిలబడి ఎప్పుడూ ఏదో ఆశ్చర్యపోతున్నట్టు కనబడుతుంది. ఉన్న ఎముక మీద, ఉన్న వెంట్రుకల్లోనే, ముక్కు వైపు మొదలు దాదాపు కనబడనంత పల్చగా వేయించుకున్నాను. మా కోడలు చూసి "ఏం చేయించుకున్నారత్తయ్యా, ఏమీ తెలియడం లేదే" అంది. పదమూడు వేలు ఇచ్చి ఏమీ తెలియకుండా చేయించుకున్నందుకు ఆమెకు నవ్వొచ్చింది. నాకు కావలసింది అదే.

కనురెప్పల మీద కాటుకగీత కూడా ప్యాకేజీలో ఉందన్నారు. ఒప్పుకోలేదు. ఒంట్లోకెల్లా పల్చని చర్మం రెప్పదే, పైగా వయసుతో వదులైంది. రంగు అక్కడ పెట్టినచోట ఉండక పక్కకు పాకితే కంటి కింద దెబ్బ తగిలినట్టు కనబడుతుంది. కన్నీటిని ఆరిపోకుండా కాపాడే నూనెగ్రంథులు ఆ అంచునే ఉంటాయి. అసలే పొడికళ్లతో చుక్కలు వేసుకునే వయసులో వాటి పక్కన సూది తిప్పించుకోవడం నాకు బుద్ధిగా తోచలేదు. నొప్పి తెలియకుండా ముందు పూసే తిమ్మిరి క్రీము కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర దెబ్బతినవచ్చు. శుక్లం ఆపరేషన్ చేసిన కన్ను, గ్లాకోమా చుక్కలు వేస్తున్న కన్ను అయితే కంటి డాక్టరును అడగనిదే ఆ ఆలోచన కూడా వద్దు. పెదవుల సంగతి క్లుప్తంగా చెబుతాను: మన చామనఛాయ పెదవుల మీద లేత గులాబీ రంగు గులాబీగా ఉండదు, పైగా ఎప్పుడైనా జ్వరపు పొక్కులు వచ్చినవాళ్లకు సూది తగిలితే అవి మళ్లీ లేవవచ్చు. లిప్‌స్టిక్ చాలు.

చక్కెర జబ్బు ఉన్నవాళ్లు మూడు నెలల షుగర్ పరీక్ష చూసుకుని, అదుపులో ఉంటేనే వెళ్లాలి. గాయం మానినచోట కండ కట్టే ఒంటితత్వం ఉన్నవాళ్లు వెళ్లనే కూడదు. బొల్లి ఉన్నవాళ్లకు సూదిగాటు పడ్డ చోటే కొత్త మచ్చ రావచ్చు. సీలు వేసిన సూదిని మన కళ్ల ముందు విప్పని చోట కూర్చోకూడదు. వాడిన సూదుల ద్వారా సోకే కాలేయజబ్బు హెపటైటిస్‌కు వయసుతో పనిలేదు. "నచ్చకపోతే లేజర్‌తో తీసేయొచ్చు" అనే మాటను నమ్మవద్దు. వదినకు చర్మవైద్యుడు చెప్పిందేమంటే, ఐరన్ ఆక్సైడ్, టైటానియం డైఆక్సైడ్ ఉన్న రంగులు లేజర్ తగలగానే ఒక్కోసారి ఉన్నపళంగా నల్లబడతాయి. ముందు ఆవగింజంత చోట పరీక్షించి చూడాలి. వదిన ఆ ఆవగింజకు కూడా ఒప్పుకోలేదు. మందపాటి అంచుల కళ్లద్దాలు కొనుక్కుంది. ఎంఆర్ఐ తీయించుకోవలసి వస్తే అక్కడివాళ్లకు ముఖం మీద ఇలాంటి రంగు ఉందని ముందే చెప్పమని నాకూ వదినకూ చెప్పారు. అందులోని ఇనుము వల్ల అరుదుగా మంట, వాపు రావచ్చునట.

ఎప్పుడు చేయించుకోవాలన్నది మాత్రం పంచాంగం చూసి నిర్ణయించాను, ముహూర్తానికి కాదు లెండి. తిరుపతి ఎండల్లో చెమట కనుబొమల మీదుగానే కారుతుంది. మానుతున్న గాయం మీద ఉప్పునీళ్లు, ఎండ రెండూ చెరుపే. కార్తీకంలో నెలంతా తెల్లవారుజామున తలస్నానాలు. అందుకని మార్గశిరంలో చేయించుకున్నాను. మొదటి నాలుగు రోజులు బొగ్గుతో గీసినట్టున్నాయి, చూసినవాళ్లు చూపు తిప్పుకున్నారు. వారానికి పొట్టు లేచింది. పొట్టు పోయాక మొత్తం మాయమైనట్టనిపించి నేనే బెంగపడ్డాను. అయిదో వారానికి రంగు నెమ్మదిగా పైకి తేలింది. పక్కింటామె పసుపు పెట్టమంది. మానుతున్న పుండు మీద పసుపు పెడితే మంటకు మంట, కింద రంగు ఎట్లా తేలుతుందో కూడా తెలియదు, సున్నితంగా తప్పించుకున్నాను. ఏటా ధనుర్మాసంలో అలిపిరి నుంచి 3550 మెట్లూ నడిచి వెళ్లే అలవాటును ఆ ఏడు సంక్రాంతి దాటాకే తీర్చుకున్నాను.

రెండో విడతకు మామూలుగా ఆరు వారాలకు రమ్మంటారు. నేను పది వారాలు ఆగి వెళ్లాను. మన చర్మం తీరిగ్గా మానుతుంది, తొందరపెడితే మానని చోటే మళ్లీ పొడిచినట్టవుతుంది. ఆ అమ్మాయి దీపం వెలుగులో రెండు వైపులా చూసి, రంగు ఇంకొక పూత వేస్తే నిండుగా కనబడుతుందని, అది కూడా మొదట కట్టిన డబ్బులోనే ఉందని చెప్పింది. అద్దం తీసుకుని చూసుకున్నాను. ఎడమ కనుబొమ తోకలో గోరంత మేర పట్టలేదు. అది మాత్రం పూరించమన్నాను. పది నిమిషాల్లో అయిపోయింది.

"మిగతాది వేయించుకోరా ఆంటీ? డబ్బులు ముందే కట్టేశారు కదా" అంది.

"కట్టాను లేమ్మా, నీ దగ్గరే ఉండనీ" అని చెప్పి చెప్పులు వేసుకున్నాను.